ఇల్లు దాటని పిల్లికీ రేబీస్ టీకా తప్పనిసరా?

ప్రశ్న: మా ఇంట్లో బాబీ అనే కుక్క, చుక్క అనే పిల్లి ఉన్నాయి. బాబీకి ఈ నెలతో ఐదేళ్లు నిండాయి. మూడో నెలలో ఒకసారి, సరిగ్గా ఏడాది తర్వాత మరోసారి రేబీస్ టీకా వేయించాం. రెండోసారి వేసిన డాక్టరు గారు ‘ఇది మూడేళ్లు పనిచేసే టీకా’ అని చెప్పారు. ఆ తర్వాత పనుల ఒత్తిడిలో పడి మళ్లీ వేయించలేదు. చుక్కకు మూడేళ్లు. గడప దాటదు కాబట్టి దానికి ఒక్క టీకా కూడా వేయించలేదు. పైగా మూత్రపిండాల జబ్బు ఉంది. ఈ మధ్యే కొత్త ఊరికి వచ్చాం. ఇక్కడ పెంపుడు కుక్కలను, పిల్లులను నగరపాలక సంస్థలో నమోదు చేయించాలట, రేబీస్ టీకా ధ్రువపత్రం ఏటా చూపించాలట. పాత ఊళ్లో ఇవేవీ అడగలేదు. ఇదంతా డబ్బు వసూలు కోసం పెట్టిన నిబంధన అని పక్కింటివారు అంటున్నారు. మూడేళ్ల టీకాకు ఏటా ధ్రువపత్రం ఎందుకు? ఇంట్లోనే ఉండే పిల్లికీ వేయించాలా? జబ్బు ఉన్నదానికి మినహాయింపు ఉంటుందా? మరో మాట, నెల కిందట గేటు దగ్గర ఒక వీధికుక్క బాబీ చెవి కొరికింది. చిన్న గాటే, మానిపోయింది.
– ఒక పాఠకురాలు

జవాబు: ‘మరో మాట’ అంటూ మీరు చివర్లో రాసిన ఆ రెండు వాక్యాల దగ్గరే నేను ఆగిపోయాను. మిగిలిన ప్రశ్నలకు నిదానంగా జవాబు చెప్పుకోవచ్చు. ముందు బాబీ చెవి సంగతి చూద్దాం. గాటు మానింది కాబట్టి మీరు దాన్ని మరిచిపోయారు. రేబీస్ విషయంలో గాయం మానడానికి అర్థమేమీ లేదు. కాటుతో లోపలికి వెళ్లిన వైరస్ రక్తంలో కలవదు. కండలో కొంతకాలం ఉండి, నరం పట్టుకుని మెల్లగా మెదడు వైపు పాకుతుంది. అప్పటికి పైన చర్మం పూర్తిగా పూడిపోయి ఉంటుంది. కుక్కల్లో ఈ ప్రయాణానికి ఎక్కువగా మూడు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు పడుతుంది. మీరు చెప్పిన నెల రోజులు సరిగ్గా ఆ గడువు మధ్యలో ఉన్నాయి. మిమ్మల్ని భయపెట్టాలని ఈ మాట చెప్పడం లేదు. ఈ ఉత్తరం చదవగానే మీరు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని వాయిదా వేయకూడదని చెబుతున్నాను.

ఆ పని కంటే ముందు ఒక ప్రశ్న. కరిచిన ఆ వీధికుక్క మీకు గుర్తుందా? అదే కుక్క ఇప్పటికీ మీ వీధిలో తిరుగుతూ, మామూలుగా తింటూ కనిపిస్తోందా? కనిపిస్తుంటే మీ బెంగ చాలావరకు తీరినట్టే. కుక్క మెదడుకు చేరిన వైరస్ అక్కడి నుంచి లాలాజల గ్రంథుల్లోకి దిగుతుంది. లాలాజలంలో వైరస్ ఉందంటే ఆ కుక్క అప్పటికే జబ్బు అంచున ఉందని అర్థం. కొద్ది రోజుల్లోనే లక్షణాలు బయటపడతాయి, ఆపైన కొద్ది రోజుల్లోనే అది చనిపోతుంది. అందుకే కరిచిన కుక్కనైనా పిల్లినైనా పది రోజులు గమనించాలని చాలా దేశాలు లెక్క పెట్టుకున్నాయి. కరిచిన పది రోజుల తర్వాత కూడా అది ఆరోగ్యంగా ఉందంటే, కాటు వేసిన రోజున దాని లాలాజలంలో వైరస్ లేదని తేలినట్టే. అయితే అది అదే కుక్క అయి తీరాలి. ‘అలాంటి రంగు కుక్క ఒకటి కనిపించింది’ అనుకుంటే సరిపోదు. వీధికుక్కలకు రోజూ అన్నం పెట్టేవారు ఉంటే వారిని అడగండి. ఏ కుక్కకు చెవి చిరిగింది, ఏది కుంటుతుంది, ఏది పది రోజులుగా కనబడటం లేదు అన్నది వారికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

కుక్క దొరికినా దొరకకపోయినా బాబీని వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. బయలుదేరే ముందే ఫోను చేసి ‘నెల కిందట వీధికుక్క కరిచింది, టీకా గడువు దాటింది’ అని ఆ రెండు ముక్కలూ చెప్పండి. వేరే జంతువులతో కలిపి కూర్చోబెట్టకుండా వారు ఏర్పాటు చేసుకుంటారు. టీకా పుస్తకం తప్పకుండా పట్టుకెళ్లండి. ఆ పాత పుస్తకం ఇప్పుడు మీకు ఎంత విలువైనదో చెబుతాను.

అమెరికాలో ప్రజారోగ్య పశువైద్యుల జాతీయ సంఘం ఇచ్చిన 2016 మార్గదర్శకాలను ఉదాహరణగా తీసుకుందాం. రేబీస్ ఉన్నట్టు తేలిన లేదా అనుమానమున్న జంతువు కరిచినప్పుడు, టీకా గడువు దాటినా గతంలో వేయించినట్టు కాగితం ఉన్న కుక్కకు వెంటనే ఒక బూస్టర్ వేస్తారు. తర్వాత 45 రోజులు యజమాని అదుపులో, ఇంట్లోనే ఉంచి గమనించమంటారు. ఎన్నడూ టీకా పడని కుక్కకూ పిల్లికీ మాత్రం రెండే దారులు ఉంటాయి. నొప్పి లేకుండా ప్రాణం తీయడం, లేదంటే మనిషి స్పర్శ కూడా లేకుండా నాలుగు నెలలు వేరుగా బంధించి ఉంచడం. మీరుండే చోట రోజుల లెక్క వేరుగా ఉండవచ్చు. కానీ టీకా పడినదానికి ఒక దారి, పడనిదానికి మరో దారి అన్న విభజన దాదాపు అన్నిచోట్లా ఉంది. ఆ రెండు దారుల మధ్య అడ్డుగా నిలిచేది ఆ చిన్న పుస్తకమే.

బాబీని ఈ వారాల్లో ఒక కంట కనిపెట్టండి. మొరుగు బొంగురుపోయినా, కింది దవడ వేలాడినా, చొంగ కారుతున్నా, నీళ్ల దగ్గరకు వెళ్లి తాగలేక వెనక్కి వచ్చినా, చీకటి మూలలు వెతుక్కున్నా, వెనక కాళ్లు తడబడినా వెంటనే గదిలో పెట్టి తలుపు వేసి డాక్టరుకు ఫోను చేయండి. అన్నిటికంటే ముఖ్యం, గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యి పెట్టకండి. రేబీస్ అంటే పిచ్చిగా పరుగెత్తి అందరినీ కరిచే జబ్బు అనే చాలామంది అనుకుంటారు. నిశ్శబ్దంగా వచ్చే రకం కూడా ఉంది. నోరు మూయలేక, మింగలేక, దిగులుగా కూర్చుంటుంది. ఒక ఇంటి పెద్దాయన అలాగే ఎముక కోసం తన కుక్క నోట్లో వేళ్లు పెట్టి నాలుక వెనక వరకు వెతికి, ఆ తర్వాత నా దగ్గరకు తీసుకొచ్చారు. ఆయన చూపుడు వేలి గోరు పక్కన చర్మం లేచి ఎర్రగా ఉంది. కుక్కను చూసే ముందు ఆ వేలినే చూసి, ఆయన్ని కుళాయి దగ్గరకు పంపించి, అటునుంచి అటే ఆసుపత్రికి పంపాను. కుక్క మూడో రోజు చనిపోయింది. ఆయన సకాలంలో టీకాలు వేయించుకుని క్షేమంగా ఉన్నారు.

ఇంకొక్క విషయం అడగాలి. కాటు పడిన రోజున బాబీ చెవిని ఎవరు తుడిచారు? తుడిచిన చేతిమీద గాయం గానీ గీరుడు గానీ ఉందా? ఉంటే వారు ఈ మాట వైద్యుడికి చెప్పాలి. నెల దాటింది కదా అని మానుకోకండి. మనుషుల్లో ఈ జబ్బు బయటపడడానికి మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా పట్టవచ్చు. లక్షణాలు మొదలయ్యే వరకు టీకాకు ఆలస్యమంటూ లేదు, మొదలయ్యాక ఇక మందు లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నలకు వస్తాను. మూడేళ్ల టీకాకు ఏటా ధ్రువపత్రం ఎందుకన్నారు. ఇక్కడ మనం కలిపి చూసే విషయాలు నిజానికి రెండు. ఒకటి, టీకా సీసా మీద తయారీదారు రాసిన గడువు. ఫలానా టీకా ఇంతకాలం రక్షణ ఇస్తుందని పరీక్షల్లో తేలితే ఆ మేరకే వారికి అనుమతి వస్తుంది. కొన్ని టీకాలకు అది ఏడాది, కొన్నిటికి మూడేళ్లు. రెండోది, మీ ఊరి నిబంధన. కొన్ని చోట్ల సీసా మీది గడువునే అంగీకరిస్తారు. కొన్ని చోట్ల ఏ టీకా అయినా ఏటా వేయించాల్సిందే అంటారు. రెండూ వేరైనప్పుడు, ఊరి నిబంధనే చెల్లుతుంది. మీ పాత డాక్టరు గారు అబద్ధం చెప్పలేదు. ఆయన సీసా సంగతి చెప్పారు, నగరపాలక సంస్థవారు నిబంధన సంగతి చెబుతున్నారు.

మరో చిన్న మెలిక ఉంది. జీవితంలో మొదటిసారి వేసే టీకా, అది మూడేళ్ల రకమే అయినా, ఏడాదికే లెక్క. చిన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన రక్షణ టీకాను సరిగా పనిచేయనివ్వకపోవచ్చు. అందుకే పన్నెండు వారాలు నిండాక మొదటిది, ఏడాదికి రెండోది వేస్తారు. ఆ రెండోదాని నుంచే మూడేళ్ల లెక్క మొదలవుతుంది. బాబీ విషయంలో ఈ లెక్క కట్టి చూడండి. రెండో టీకా ఏడాదీ మూడు నెలల వయసులో పడింది. మూడేళ్లు కలిపితే నాలుగేళ్ల మూడు నెలలకు గడువు తీరింది. ఇప్పుడు ఐదేళ్లు. అంటే కొత్త ఊరి నిబంధనను పక్కనపెట్టినా, పాత డాక్టరు గారి మాట ప్రకారమే తొమ్మిది నెలలు దాటిపోయింది. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ‘మూడేళ్లు’ అన్న మాట చెవిన పడితే మనసు నిశ్చింతగా ఉంటుంది, క్యాలెండర్‌లో మాత్రం ఎవరూ రాసుకోరు. ఏడాదికోసారి అన్నప్పుడు కనీసం ఆ నెల గుర్తుంటుంది.

గడువు దాటితే మొదటి నుంచి మళ్లీ రెండు వేయించాలా అని చాలామంది అడుగుతారు. వైద్యపరంగా అక్కర్లేదు. ఒకసారి నేర్చుకున్న పాఠాన్ని శరీరం మరిచిపోదు, ఒక్క బూస్టర్‌తో రక్షణ కొద్ది రోజుల్లోనే మళ్లీ పైకి లేస్తుంది. నిబంధనలు మాత్రం ఇక్కడ కూడా చోటును బట్టి మారతాయి. నేను పైన చెప్పిన అమెరికా మార్గదర్శకాల ప్రకారం బూస్టర్ వేసిన క్షణం నుంచే ఆ కుక్కకు టీకా ఉన్నట్టు. ఐరోపా సమాఖ్యలో దేశాల మధ్య ప్రయాణానికి మాత్రం, గడువు దాటాక వేసినదాన్ని మొదటి టీకాగానే చూస్తారు. 21 రోజులు ఆగితే గానీ సరిహద్దు దాటనివ్వరు. ఒక్క రోజు ఆలస్యమైనా అంతే.

ఒకే జబ్బుకు ఊరికో నిబంధన ఏమిటని మీకు విసుగు కలగవచ్చు. ఎక్కడ ఏ జంతువు నుంచి ప్రమాదం ఉందో, అక్కడి ప్రభుత్వం ఏది అదుపు చేయగలదో దాన్ని బట్టి రాసుకున్నవి ఇవి. జపాన్ 1950లో రేబీస్ నివారణ చట్టం తెచ్చింది. 91 రోజులు దాటిన ప్రతి కుక్కనూ నమోదు చేయాలి, ఏటా టీకా వేయించాలి, మెడలో బిళ్ళ కట్టాలి. ఏడేళ్లలో ఆ దేశంలో జబ్బు ఆగిపోయింది. ఆ చట్టంలో టీకా తప్పనిసరి చేసింది కుక్కలకే, పిల్లులకు కాదు. అయితే 1957లో అక్కడ చివరిగా నమోదైన జంతువు కేసు ఒక పిల్లిదే! న్యూయార్క్ రాష్ట్రం కుక్కలు, పిల్లులు రెండింటికీ నాలుగు నెలలు నిండేలోపు టీకా పడాలంటుంది. భారతదేశంలో జంతు జనన నియంత్రణ నిబంధనలు, 2023 పెంపుడు జంతువుల టీకాల బాధ్యతను యజమానిపైనే ఉంచాయి. పెంపుడు కుక్కకు లైసెన్సు ఇవ్వడానికి రేబీస్ ధ్రువపత్రం అడిగే నగరపాలక సంస్థలు చాలా ఉన్నాయి. న్యూజిలాండ్ లాంటి రేబీస్ లేని దేశాలు అసలు జబ్బును లోపలికే రానివ్వకుండా సరిహద్దులోనే గట్టిగా పట్టుకుంటాయి. కాబట్టి పాత ఊళ్లో అడగలేదన్నది కొత్త ఊళ్లో జవాబు కాదు.

మీ ఊరి నిబంధనను పక్కింటివారి నోట వినకండి, నా నోటా వినకండి. నగరపాలక సంస్థ ప్రజారోగ్య విభాగానికో పశువైద్య విభాగానికో వెళ్లి అడగండి. కుక్కకేనా పిల్లికీనా, ఏ వయసు నుంచి, ఏటా వేయించాలా లేక టీకా గడువును ఒప్పుకుంటారా, ఎవరు వేసిన టీకా చెల్లుతుంది, ధ్రువపత్రం మీద మైక్రోచిప్ (చర్మం కింద అమర్చే గుర్తింపు చిప్) సంఖ్య ఉండాలా, కరిస్తే ఎవరికి ఎన్ని గంటల్లో తెలియజేయాలి. ఇవన్నీ ఒక్కసారే అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి. నివాసుల సంఘం పెట్టుకున్న నియమాలు వేరు, చట్టం వేరు. సంఘంవారు ధ్రువపత్రం నకలు అడిగితే ఇచ్చేయండి, దానితో వాదన పెట్టుకోవలసిన అవసరం లేదు.

టీకా వేసేటప్పుడు ఒక్క నిమిషం డాక్టరు చేతులవైపు చూడండి. మందు సిరంజిలోకి ఎక్కించాక సీసాకు అంటించిన చిన్న కాగితాన్ని గోటితో లేపి, మీ పుస్తకంలో ఆ రోజు గడిలో అంటిస్తారు. వేలి గోరంత కాగితం అది. టీకా పేరు, తయారీదారు, బ్యాచ్ సంఖ్య, సీసా గడువు అన్నీ దానిమీదే ఉంటాయి. దాని పక్కన వేసిన తేదీ, మళ్లీ వేయించాల్సిన తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ సంఖ్య, ముద్ర పడాలి. పై పేజీలో మీ పేరు, చిరునామా, జంతువు జాతి, రంగు, లింగం, వయసు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా అక్కడే అడిగి రాయించుకోండి, ఇంటికి వచ్చాక అయ్యే పని కాదు. ఒక కుటుంబం కరిచిన కేసులో తమ కుక్క పుస్తకం తెచ్చారు. వానలో తడిసి ఆరిన పుస్తకం. సంతకం ఉంది, కాగితం ఊడిపోయింది, తేదీ ఉండాల్సిన చోట నీలం మరక ఉంది. ఇంటిల్లిపాదీ కిటికీ దగ్గర నిలబడి ఆ పేజీని వెలుతురుకు ఎత్తిపట్టి అంకె కోసం వెతికారు. టీకా వేయించామని అందరికీ తెలుసు. ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేకపోయారు. కుక్కను టీకా లేనిదాని కిందే లెక్కకట్టారు. పుస్తకం తెరిచి ఫోనుతో ఒక ఫొటో తీసి ఉంచుకుంటే ఈ అవస్థ ఉండదు.

మందుల దుకాణంలో కొని, ఇంట్లోనే ఎవరో ఒకరి చేత వేయించుకుంటే ఖర్చు తగ్గుతుందని కొందరు సలహా ఇస్తారు. వద్దు. రేబీస్ టీకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. దారిలో వేడెక్కినా, గడ్డకట్టినా లోపలి మందు పనికిరాకుండా పోవచ్చు, సీసా చూస్తే మాత్రం ఏమీ తెలియదు. పైగా అలాంటి టీకాకు ధ్రువపత్రం ఇచ్చేవారు ఉండరు.

ఇక చుక్క సంగతి. గడప దాటని పిల్లికి టీకా ఎందుకన్న ప్రశ్న నాకు నెలకు పదిసార్లు వస్తుంది, ప్రతిసారీ నేను కిటికీలవైపు చూడమంటాను. పిల్లి బయటకు వెళ్లకపోవచ్చు, బయటిది లోపలికి వస్తుంది. చాలా దేశాల్లో గబ్బిలాలు రేబీస్‌ను మోస్తాయి. రాత్రిపూట గదిలోకి వచ్చి నేలమీద కొట్టుకుంటున్న గబ్బిలాన్ని మనం చూసేలోపే పిల్లి పట్టేస్తుంది. మీ చుక్కకు ఇంకో దారి కూడా ఉంది, అది బాబీ. గేటు దగ్గర కాటు తిన్న కుక్కా, గడప దాటని పిల్లీ ఒకే ఇంట్లో ఉంటున్నాయి కదా. అమెరికాలో ఏటా రేబీస్ తేలే పెంపుడు జంతువుల్లో కుక్కల కంటే పిల్లులే ఎక్కువ. అక్కడ కుక్కలకు టీకా వేయించినంత శ్రద్ధగా పిల్లులకు వేయించకపోవడం అందుకు ఒక కారణం. పిల్లి కాటు చూడ్డానికి సూదిగుచ్చినంతే ఉంటుంది, లోపలికి మాత్రం చాలా లోతుగా దిగుతుంది. కడిగినా నీళ్లు అడుగుదాకా వెళ్లవు.

మీ ఊరి నిబంధన పిల్లులకు వర్తించకపోయినా చుక్కకు టీకా వేయించమనే నా సలహా. నేను పైన రాసిన రెండు దారులను మరొక్కసారి గుర్తుచేసుకోండి. ఇప్పటి లెక్కలో చుక్క రెండో దారిలో ఉంది. ఎన్నడూ టీకా పడని జంతువు. రేపు దాని నోట్లో ఒక గబ్బిలం కనిపిస్తే ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించుకోవడం నాకే కష్టంగా ఉంది. బాబీ కాటు విషయం తేలే వరకు రెండింటినీ వేరు వేరు గదుల్లో ఉంచండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నంత మాత్రాన రేబీస్ టీకా వేయకూడదని లేదు. ఇప్పుడు వాడే టీకాల్లో చాలావాటిలో ఉండేది చంపిన వైరస్, దానివల్ల రేబీస్ రాదు. జబ్బు అదుపులో ఉండి, తింటూ తాగుతూ ఉన్న పిల్లికి ఎక్కువమంది డాక్టర్లు వేస్తారు. జ్వరం, వాంతులు, నీరసం ఉంటే తగ్గేవరకు వాయిదా వేస్తారు. చుక్క ఇటీవలి రక్తపరీక్షలు తీసుకెళ్లి నిర్ణయం డాక్టరుకు వదిలేయండి. ‘ఈ పరిస్థితిలో వద్దు’ అని ఆయన అంటే, కారణంతో సహా రాసి సంతకం పెట్టిన పత్రం అడగండి. మినహాయింపును ఒప్పుకునే చోట్ల అది పనికొస్తుంది, సాధారణంగా ఏటా కొత్తది కావాలి. ఒప్పుకోని చోట్లు కూడా ఉన్నాయి. మినహాయింపు ఉన్నా, కాటు పడినప్పుడు దాన్ని టీకా లేని జంతువుగానే చూస్తారన్నది మరిచిపోకూడదు. రక్తంలో ప్రతిరక్షకాలు ఎంత ఉన్నాయో పరీక్ష చేయిస్తే టీకా బదులు సరిపోతుందా అని కూడా అడుగుతుంటారు. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు అన్న కొలతను కొన్ని దేశాలు జంతువులను తమ దేశంలోకి అనుమతించేటప్పుడు చూస్తాయి. స్థానిక నమోదుకు మాత్రం టీకా స్థానంలో దాన్ని తీసుకోవడం అరుదు.

పిల్లికి ఈ టీకాను కుడి వెనక కాలికి, వీలైనంత కిందిభాగంలో వేయమని చెబుతారు. చాలా అరుదుగా సూది వేసిన చోట గడ్డ పెరగవచ్చు, కాలిమీద అయితే శస్త్రచికిత్సకు వీలుంటుంది. టీకా తర్వాత చిన్న బుడిపె రావడం మామూలే. అది మూడు నెలలైనా పోకపోతే, రెండు సెంటీమీటర్లు దాటితే, నెల తర్వాత కూడా పెరుగుతూనే ఉంటే చూపించండి. టీకా రోజు మొహం వాచినా, ఊపిరి కష్టమైనా వెంటనే వెనక్కి తీసుకెళ్లండి. ఒక పూట మందకొడిగా పడుకుంటే కంగారు పడనక్కర్లేదు.

డబ్బు వసూలు అన్న మీ పక్కింటివారి మాటకు నాకు కోపం రాలేదు గానీ, బాధ కలిగింది. ప్రపంచంలో ఏటా దాదాపు 59,000 మంది రేబీస్‌తో చనిపోతున్నారని అంచనా. అందులో నూటికి 99 కుక్కల వల్లే. కుక్క కరిచి ఈ జబ్బు బారిన పడేవారిలో పది మందికి నలుగురు పదిహేనేళ్లలోపు పిల్లలు. వారు కుక్క మూతికి సరిగ్గా అందే ఎత్తులో ఉంటారు, ఇంట్లో తిడతారేమోనని కాటును దాస్తారు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో నూటికి డెబ్బైకి టీకా పడితే వాటి మధ్య జబ్బు గొలుసు తెగిపోతుంది. ఈ పద్ధతిలోనే ఏళ్ల తరబడి కుక్కలకు టీకాలు వేసి, కుక్కల వల్ల మనుషులకు రేబీస్ రాని దేశంగా 2019లో మెక్సికో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి గుర్తింపు పొందింది. ఎన్నిటికి పడిందో లెక్క తెలియాలంటే నమోదు ఉండాలి, ధ్రువపత్రం ఉండాలి. రుసుము ఎక్కువగా ఉందనిపిస్తే దాని గురించి అడగండి, తగ్గించమని పోరాడండి, ఉచిత టీకా శిబిరాలు పెట్టమనండి. నమోదునే వద్దనకండి.

టీకా ఉన్నా కొన్ని జాగ్రత్తలు మారవు. బాబీ ఎప్పుడైనా ఎవరినైనా కరిస్తే, ‘మా కుక్కకు టీకా ఉంది’ అని వారిని పంపేయకండి. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగించండి. గడియారం చూసి కడగాలి, పదిహేను నిమిషాలు అనుకున్నదానికంటే చాలా పొడుగు. తర్వాత వారు ఆసుపత్రికి వెళ్లాలి, టీకా పుస్తకం నకలు వారికి ఇవ్వాలి. బాబీని పది రోజులు ఇంట్లోనే ఉంచి, నిబంధన ఉన్నచోట అధికారులకు తెలియజేయాలి. ఆ పది రోజుల్లో కుక్కను ఎవరికీ ఇచ్చేయకూడదు, దూరంగా వదిలిపెట్టకూడదు. కరిచిన కుక్క కళ్లెదుట ఉంటేనే కాటు తిన్న మనిషికి జవాబు దొరుకుతుంది. ఇవాళ మీరు ఆ వీధికుక్క కోసం వెతుకుతున్నట్టే, రేపు మరెవరో మీ బాబీ కోసం వెతకాల్సి రాకూడదు.

ఇంకా చాలా రాయవచ్చు గానీ, మీరు ఇది చదువుతూ కూర్చోవడం కంటే ఫోను తీయడం నాకు ఇష్టం. బాబీకి ఇవాళ, డాక్టరు సరేనంటే చుక్కకు ఈ వారంలో. నగరపాలక సంస్థ కార్యాలయం ఆ తర్వాత. వీధి చివర అన్నం పెట్టేవారిని అడిగి, చెవి కొరికిన ఆ కుక్క కనిపించిందో లేదో నాకు రెండు వాక్యాలు రాయండి. ఈసారి ఆ వాక్యాలనే ఉత్తరంలో మొదట రాయండి.